మూడో నంబరు మిషను

రేపల్లె స్టేషను రోడ్డులో ఎరువుల కొట్టు మీది మేడగదిలో సుగుణమ్మ టైపు స్కూలు ఉండేది. బోర్డు మీద పొడుగాటి ఇంగ్లీషు పేరే రాయించింది గాని, ఇరవైరెండేళ్లలో ఆ పేరు పూర్తిగా చదివింది పోస్టుమాన్ ఒక్కడే. మిగతా ఊరందరికీ అది టైపు స్కూలు, ఆవిడ టైపు టీచరుగారు. గదిలో ఆరు మిషన్లు, ఆరు స్టూళ్లు, గోడకు గడియారం, దాని కింద చర్చిలో ఇచ్చిన క్యాలెండరు. పొద్దున ఆరింటికి మొదలైన చప్పుడు మళ్లీ దీపాలు ఆర్పేదాకా ఆగేది కాదు. కింద ఎరువుల కొట్టాయన మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తర్వాత ఆదివారం ఆ చప్పుడు లేకపోతే కునుకు పట్టడం లేదని ఆయనే చెప్పుకునేవాడు.

సుగుణమ్మ నేర్పే తీరు వేరు. వెనక నిలబడి వేళ్ల వంక చూసేది కాదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధి వైపు తిరిగి కూర్చుని వినేది. చప్పుడును బట్టే ఎవరు కాగితం వైపు చూడకుండా కీల వైపు చూస్తున్నారో, ఎవరు ఏ వేలికి బద్ధకించారో చెప్పేసేది. "రెండో నంబరూ, చిటికెనవేలు ఇంట్లో వదిలేసి వచ్చావా?" అని వీధిలోకే చూస్తూ అడిగేది. పిల్లలు హడలిపోయేవాళ్లు. ఆ చెవి మీద ఆవిడకు కొంత గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. ఆ గర్వమే చివరికి ఆవిడ కొంప ముంచింది.

పంతొమ్మిది వందల తొంభైమూడు నవంబరు మొదటి శనివారం, మిషన్లు బాగుచేసే వీరాస్వామి ఎప్పటిలాగే తెనాలి నుంచి పాసింజరులో వచ్చాడు. నెలకోసారి వచ్చి దుమ్ము దులిపి, నూనె చుక్కలు వేసి, వదులైన మరలు బిగించి, టీ తాగి వెళ్లడం అతని పద్ధతి. ఆ రోజు మూడో నంబరు మిషను వెనక రేకు విప్పి, లోపల వేలు పెట్టి అటూ ఇటూ కదిపి చూశాడు.

"దీని పనయిపోయిందండి టీచరమ్మగారూ," అన్నాడు చివరికి.

"పోయిన నెలా అదే అన్నావు."

"పోయిన నెలకే అయిపోయిందండి. మీరే వినలేదు."

జబ్బు చెప్పుకోవడానికి చిన్నదే. అక్షరం కొట్టినప్పుడల్లా కాగితం పట్టుకున్న క్యారేజీ ఒక అక్షరమంత జరగాలి. దాన్ని లాగే స్ప్రింగు లోపల డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. మూడో నంబరులో ఆ స్ప్రింగు చచ్చుబడింది. సగం వరసలో క్యారేజీ మొరాయించి నిలబడిపోతోంది. కాసేపటికి దానంతటదే కదులుతోంది.

"కొత్త స్ప్రింగు వెయ్యి మరి."

"ఆ మోడలు ఆపేసి ఏళ్లయిందండి. మద్రాసులో కూడా కనుక్కున్నా. లేదన్నారు."

"ఎన్నాళ్లు నడుస్తుందేంటి?"

"రేపే ఆగిపోవచ్చు. ఎండాకాలం దాకా లాగొచ్చు. మనిషికైతే ఏదో ఒకటి చెబుతారు గాని, దీనికేం చెప్పనండి?"

మిగతా ఐదింటిలో ఏది చెడినా సుగుణమ్మ అంతగా పట్టించుకునేది కాదు. మూడో నంబరు మీద అంకమ్మ కూర్చునేది.

అంకమ్మది పెనుమూడి. తల్లీ తండ్రీ కూలి పనులకు వెళతారు. తను పది పాసై మండలాఫీసులో రోజుకూలీ మీద ఫైళ్లు మోస్తూ, కూజాల్లో నీళ్లు నింపుతూ ఉండేది. అక్కడ టైపిస్టు కుర్చీ ఖాళీగా ఉంది. టైపులో లోయరు గ్రేడు పరీక్ష పాసై వస్తే ఆ కుర్చీకి నీ పేరే పంపుతానని ఆఫీసరు మాట ఇచ్చాడు. కాకపోతే వయసు ముప్ఫై దాటకూడదు. వచ్చే జూన్‌కి అంకమ్మకు ముప్ఫై నిండుతాయి. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. అంటే అంకమ్మకు మిగిలింది జనవరి ఒక్కటే. తొలి బస్సు ఎక్కి వచ్చి, ఆఫీసు తలుపులు తీసేలోగా గంటన్నర టైపు కొట్టుకుని పోయేది. రెండేళ్లలో మానింది చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ పరీక్షలకు ఒక ఆచారం ఉండేది. తెనాలి సెంటరులో సర్కారు వాళ్లు బల్లా, కాగితం, ప్రశ్నపత్రం ఇస్తారు. మిషను మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అందుకని పరీక్షల రోజుల్లో చుట్టుపక్కల టైపు స్కూళ్ల మిషన్లన్నీ దుప్పట్లలో మూటలు కట్టించుకుని బస్సులెక్కి, రైళ్లెక్కి, రిక్షాలెక్కి తెనాలి చేరేవి. ఎవరు ఏ మిషను మీద నేర్చుకుంటే దాన్నే మోసుకుపోయేవాళ్లు. ఒక్కో మిషనుకు ఒక్కో చెయ్యి అలవాటవుతుంది. ఒకదానికి గట్టిగా మొట్టాలి, ఒకదానికి తాకితే చాలు. పరాయి మిషను మీద పరీక్ష రాయడమంటే ఒకరి చెప్పులేసుకుని పరుగుపందెంలో దిగినట్టే.

కాబట్టి ప్రశ్న ఇది. ఇప్పుడే మిషను మారిస్తే రెండున్నర నెలల్లో అంకమ్మ చెయ్యి దానికి అలవాటు పడుతుందా? మార్చకుండా పరీక్షయ్యేదాకా ఆగితే, ఈ మిషను అంతవరకు ఆగుతుందా?

"బాపట్లలో బసవపున్నయ్యగారు మిషన్లు అమ్మేస్తున్నారండి," అన్నాడు వీరాస్వామి రేకు బిగిస్తూ. "ఇదే కంపెనీ. నిక్షేపంలా ఉందొకటి. ఓసారి చూసి రాకూడదా?"

సుగుణమ్మకు కొనాలని లేదు. డబ్బు సంగతి కాదు. ఆ మాత్రం పోస్టాఫీసులో ఉంది. ఆవిడకు యాభైఆరేళ్లు. చేతివేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. మెట్లెక్కితే ఆయాసం. ఒకప్పుడు బ్యాచీకి ఆరుగురికి ఆరుగురూ ఉండేవాళ్లు, ఇప్పుడు ముగ్గురొస్తే గొప్ప. ఇవన్నీ కూడా కావు అసలు సంగతి. ఆవిడకు విసుగొచ్చింది. నిద్రపోతే తీరేది కాదు ఆ విసుగు.

"కొత్తది కొంటే ఇంకో పదేళ్లు ఈ కుర్చీలో కూర్చోవాలి వీరాస్వామీ," అంది మెల్లిగా. "నావల్ల కాదయ్యా. ఎవరికీ చెప్పకు. ఈ జనవరి బ్యాచీ ఒడ్డున పడేస్తే తాళం వేసేస్తాను. ఇంక చాలు."

వీరాస్వామి తలూపి సంచీ సర్దుకున్నాడు. అప్పటికే అంకమ్మ మెట్లెక్కి వచ్చి గుమ్మం బయట చెప్పులు విడుస్తోంది. ఆ శనివారం ఆఫీసు లేదు కాబట్టి మధ్యాహ్నం కూడా వచ్చింది.

అయినా సుగుణమ్మ బాపట్ల వెళ్లింది. వెళ్లకపోతే మనసు ఊరుకునేలా లేదు. చెరుకుపల్లి మీదుగా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని దిగేసరికి పదకొండయింది. బసవపున్నయ్య ఎదురొచ్చి కుర్చీ వేశాడు. పొలాలున్న ఇంటివాడు, సరదాకి టైపు స్కూలు పెట్టి, సరదా తీరాక కంప్యూటరు తెచ్చాడు. లోపలి గదిలో ఏసీ పెట్టించి, కంప్యూటరుకు పట్టు గుడ్డ కప్పి, నుదుట బొట్టు కూడా పెట్టాడు. చెప్పులు బయట విడిచి చూడాలట. సుగుణమ్మ విడిచే చూసింది. అది ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని ఉంది.

"అందరూ అమ్ముకుంటుంటే మీరు కొనడానికొచ్చారేంటి అక్కయ్యగారూ?" అన్నాడు నవ్వుతూ.

"కొంటానని ఎవరన్నారు బాబూ? చూద్దామని వచ్చాను."

మిషను ముందు కూర్చుని కాగితం ఎక్కించింది. తప్పు పట్టుకుందామని అరగంట కొట్టింది. ఒక్క తప్పూ దొరకలేదు. క్యారేజీ నీళ్లలా సాగింది, వరస చివర గంట ఖంగున మోగింది. అందుకు ఆవిడకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఏదో ఒక వంక ఉంటే లేచి వచ్చేయొచ్చు కదా!

"నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనులెండి," అన్నాడు బసవపున్నయ్య. "మీరు ఆలోచించుకుని కబురు చెయ్యండి."

ఆలోచించుకోవడం సుగుణమ్మకు బాగా వచ్చు. తిరుగు బస్సులో ఆలోచించింది. ఆదివారం చర్చిలో ప్రసంగం జరుగుతుండగా ఆలోచించింది. ఆలోచించిన ప్రతిసారీ ఒక్క దగ్గరికే వచ్చేది: పిల్ల చెయ్యి మూడో నంబరుకు అలవాటు పడింది, పరీక్ష ముందు మార్చడం పాపం. ఇది అబద్ధం కాదు. నూటికి నూరుపాళ్లు నిజమూ కాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ దాని మీద దుప్పటి కప్పుకుని పడుకుంది.

సోమవారం పొద్దున అంకమ్మనే అడిగింది.

"ఏమే అంకమ్మా, బాపట్లలో మంచి మిషనుంది. తెప్పించమంటావా? దీంతోనే కానిస్తావా?"

అంకమ్మ లేచి నిలబడింది. టీచరుగారు మాట్లాడితే కూర్చుని జవాబు చెప్పడం ఆ పిల్లకు చేతకాదు.

"మీ ఇష్టమండి."

"నా ఇష్టమేంటే, పరీక్ష రాసేది నువ్వు."

"మీరు ఎట్టా అంటే అట్టానే అండి."

"ఆగుతోందా మధ్యలో?"

"లేదండి. బానే నడుస్తోందండి."

"నిజంగానా?"

"నిజమండి."

మన దగ్గర పెద్దవాళ్లు అడుగుతారు, చిన్నవాళ్లు మీ ఇష్టమంటారు. ఇద్దరికీ మర్యాద దక్కుతుంది, అసలు మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే పడి ఉంటుంది. సుగుణమ్మ ఇంకోసారి గట్టిగా అడిగి ఉండొచ్చు. అడగలేదు. తనకు కావలసిన జవాబు తనకు దొరికింది. కుర్చీలో వెనక్కి వాలి, వీధి వైపు తిరిగి వింది. మూడో నంబరు ఎక్కడా ఆగకుండా మోగుతోంది. నాలుగైదు మాటలకొకసారి రవ్వంత సందు వినపడింది. కాగితం చదువుకుంటోంది కాబోలు అనుకుంది.

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. బసవపున్నయ్యకు కబురు వెళ్లలేదు. మిషను చీరాల వాళ్లెవరో పట్టుకుపోయారని తర్వాత వీరాస్వామి చెప్పాడు. సుగుణమ్మకు గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇంక ఎటూ తేల్చుకోనక్కర్లేదు. డిసెంబరులో ఒకరోజు ఎవరూ లేనప్పుడు తనే మూడో నంబరు మీద కూర్చుని ఒక పేజీ కొట్టింది. రెండుసార్లు నిలబడిపోయింది. మర్నాడు అంకమ్మ కొడుతుంటే చెవులు రిక్కించి వింది. ఒక్కసారీ ఆగలేదు. పిల్లది తేలిక చెయ్యి, నాది మొరటు చెయ్యి అని సరిపెట్టుకుంది.

జనవరిలో పరీక్ష రోజు తెల్లారి పాసింజరుకి మూడో నంబరు దుప్పటి మూటలో బయల్దేరింది. తెనాలి స్టేషనులో వీరాస్వామి ఎదురొచ్చి రిక్షా మాట్లాడాడు. సెంటరు ఒక హైస్కూలులో. హాలు నిండా నలభై మిషన్లు, నలభై మంది. టీచర్లూ మెకానిక్కులూ వరండాలోనే ఆగాలి. మిషను చెడితే అభ్యర్థి చెయ్యెత్తాలి, అప్పుడు మెకానిక్కును లోపలికి వదులుతారు. పోయిన టైము మాత్రం తిరిగి ఇవ్వరు. స్పీడు పేపరు పది నిమిషాలు. ఇచ్చిన పాఠం పూర్తి కాకపోతే పేపరు పోయినట్టే.

గంట కొట్టారు. నలభై మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. కొత్తవాళ్లకు అదంతా ఒకటే రొద. సుగుణమ్మకు కాదు. మూడో నంబరు గంట కొంచెం బొంగురుగా ఉంటుంది. కళ్లు మూసుకుని ఆ ఒక్క గంటనే పట్టుకుంది. వరస చివర బొంగురు గంట, మళ్లీ వరస, మళ్లీ గంట. లెక్క తప్పకుండా వస్తోంది. నాలుగు నిమిషాలు, ఐదు, ఆరు. ప్రభువా, ఇంకొక్క నాలుగు నిమిషాలు, అనుకుంది. ఈ ఒక్క పిల్ల గట్టెక్కితే చాలు, నా పనైపోతుంది.

ఏడో నిమిషంలో గంట రాలేదు.

ఇంకో వరసకు చాలినంత సేపు ఆగి చూసింది. చుట్టూ ఎవరెవరివో గంటలు మోగుతున్నాయి. కళ్లు తెరిచి కిటికీ చువ్వల దగ్గరికి పోయింది. ఇరవైరెండేళ్లలో మొట్టమొదటిసారి ఒక స్టూడెంటు చేతుల వంక చూసింది.

అంకమ్మ కుడిచేత్తో మాత్రమే కొడుతోంది. ఎడమచెయ్యి క్యారేజీని పట్టుకుని ఉంది. ఒక అక్షరం కొట్టడం, అక్షరమంత మేర లాగడం, మళ్లీ అక్షరం, మళ్లీ లాగడం. తడబాటు లేదు, కంగారు లేదు. నిన్నా మొన్నా నేర్చుకున్న పనిలా లేదు.

"చెయ్యెత్తదేంటండి ఆ పిల్ల!" అన్నాడు పక్కనుంచి వీరాస్వామి. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. "ఎత్తమనండి, పోయి చూస్తా!"

బయటనుంచి మాట్లాడకూడదు. మాట్లాడితే పిల్లను లేపేస్తారు. సుగుణమ్మ చువ్వలు పట్టుకుని నిలబడింది. చివరి గంట కొట్టేసరికి అంకమ్మ పాఠంలో నాలుగు వరసలు మిగిలిపోయాయి.

రెండో పేపరు సంగతి చెప్పుకోనక్కర్లేదు. వీరాస్వామి రెండు పేపర్ల మధ్యలో కూర్చుని మిషను విప్పి చూశాడు. స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. ఏదో తాడు కట్టి నడిపించాడు. అంకమ్మ దాని మీదే ఉత్తరమూ పట్టికా పొందిగ్గా కొట్టి, కాగితాలిచ్చి, దండం పెట్టి బయటికొచ్చింది. ఏడవలేదు.

సాయంత్రం పాసింజరులో ఇద్దరికీ కిటికీ దగ్గర చోటు దొరికింది. అంకమ్మ మిషను మూటను ఒళ్లో పెట్టుకుని, కుదుపులకు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"కింద పెట్టవే, ఇంక దానికేమవుతుంది?"

"అలవాటండి."

వేమూరు దాటాక సుగుణమ్మ అడిగింది.

"ఎన్నాళ్లనుంచి అట్టా లాగుతున్నావే?"

"దీపావళి అయిన కాణ్ణించండి. మధ్యలో ఆగిందంటే మీకు వినపడుద్ది గదండీ. అందుకని ఆగకముందే నాలుగు మాటలకోసారి లాగేదాన్ని. ఇవాళ సగంలో అసలుకే రాకుండా పోయింది."

"బానే నడుస్తోందన్నావు గదే! నేను అడిగానా లేదా? బాపట్లది తెప్పించనా అని అడిగానా లేదా?"

గొంతు పెద్దదైంది. ఎదురు బల్ల మీద పొగాకు బేళ్లతో కూర్చున్న ఒకాయన తలెత్తి చూశాడు. అంకమ్మ మూట ముడి సవరించింది.

"అడిగారండి."

"మరెందుకు చెప్పలేదు?"

"మీరు బాగా అలిసిపోయారు గదండీ," అంది అంకమ్మ. "ఆ రోజు వీరాస్వామిగారితో అంటుంటే విన్నా. కొత్తది కొంటే మీరు ఇంకా పదేళ్లు కూర్చోవాలన్నారు. నా ఒక్కదానికోసం మిమ్మల్ని కూర్చోబెట్టటం ఎందుకని."

సుగుణమ్మ కిటికీ వైపు తిరిగింది. కోసిన చేలు, కుప్పలు, కాలవ గట్టున నడిచిపోతున్న మనుషులు. ఏదీ కంటికి ఆనలేదు. సిగ్గేసింది. మనిషిని నిలువునా కాల్చే సిగ్గు. తన అలసట తన ఒంట్లోనే ఉందనుకుంది, ఎవరికీ కనపడకుండా మోస్తున్నాననుకుంది. ఆ పిల్ల దాన్ని కూడా ఎడంచేత్తో లాగుతూ వచ్చింది. పైటచెంగు మొహానికి అడ్డుపెట్టుకుని కళ్లు తుడుచుకుంది. అంకమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

భట్టిప్రోలులో రైలు చాలాసేపు ఆగింది. అక్కడ సుగుణమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. నిర్ణయమంటే మామూలుగా ఆవిడకు నెల పట్టేది. ఆ వేళ రైలు కదిలేలోగా అయిపోయింది.

రేపల్లెలో దిగి మేడమెట్లెక్కారు. అంకమ్మ మిషను మూట విప్పి, మూడో బల్ల మీద ఎప్పుడూ ఉండే గుర్తుల్లో సరిగ్గా నాలుగు కాళ్లూ ఆనించి పెట్టింది.

"అంకమ్మా, ఇట్టా రా. కూర్చో ముందు," అంది సుగుణమ్మ. అంకమ్మ స్టూలు అంచున కూర్చుంది. "నేను తాళం వెయ్యను. చీరాల వెళ్లైనా సరే, మద్రాసు వెళ్లైనా సరే మంచి మిషను తెస్తాను. జూలైలో నువ్వు మళ్లీ రాయి. మండలాఫీసు కాకపోతే కోర్టు దగ్గర, కోఆపరేటివు బ్యాంకులో, ఎక్కడో చోట పని చూద్దాం. లేదూ, ఇక్కడే నా పక్కన కూర్చుని నేర్పు. పదేళ్లు కాదు, పదిహేనేళ్లు కూర్చుంటాను. ఏమంటావు? ఈసారి మీ ఇష్టమంటే ఊరుకోను. నీ మనసులో ఏముందో నోటితో చెప్పు."

అంకమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. ఇన్నాళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు.

"వద్దండి," అంది. "నేనూ అలిసిపోయానండి."

ఆ మాట మెల్లిగానే అంది. లేచి, రేకు మూత వేసి, దాని మీద గుడ్డ కప్పి, మూలలు సర్దింది. పెనుమూడి బస్సుకు టైమైందని చెప్పి చెప్పులు వేసుకుంది. సుగుణమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు చివరిదాకా వింది.